హ్యామ్ వేసి బఠానీలు, అలసందలు వండుకోవడం: అనంతపురం వంటింటి పద్ధతి

రాయలసీమ ఇళ్లలో గింజలకు ఎన్నడూ కొదవ లేదు. ఉలవలు, అలసందలు, పెసలు, కందులు, అనపకాయల కాలంలో పచ్చి అనపగింజలు, కర్నూలు రేగడి నేలల్లో పండే శనగలు ఏడాది పొడుగునా ఏదో ఒక రూపంలో సంగటి పక్కనో జొన్నరొట్టె పక్కనో ఉంటూనే ఉంటాయి. వేటపోతును కోసిన రోజున మిగిలిన మాంసాన్ని వారలుగా తరిగి, ఉప్పు, పసుపు పట్టించి, తాడుకు గుచ్చి ఎండలో ఆరబెట్టిన ఉప్పుకండను ఆ గింజల్లో వేసి వండుకోవడం కూడా మనకు పాత అలవాటే. హ్యామ్ అన్న పేరు కొత్తగా వినిపించినా, అది ఈ ఉప్పుకండకు దూరపు చుట్టమే. పంది వెనుక తొడను ఉప్పుతో ఊరబెట్టి, కొన్ని రకాలకు పొగ కూడా పెట్టి నిలవ చేసిన మాంసాన్నే హ్యామ్ అంటారు. చలి దేశాల్లో దీనిని బఠానీలతోనూ చిక్కుడు జాతి గింజలతోనూ కలిపి చిక్కగా ఉడికించుకొంటారు. స్వీడన్‌లో ఉప్పు పంది మాంసం వేసిన పసుపు బఠానీల సూప్‌ను గురువారం నాడు తినడం ఆనవాయితీ. అమెరికా సెనేట్ భోజనశాలలో తెల్ల చిక్కుడు గింజలు, హ్యామ్ కలిపిన సూప్ రోజూ వడ్డించే వంటకంగా పేరుబడింది.

ఈ వంటను నేను నేర్చుకొన్న క్రమంలో నాకు ఒక్క విషయం గట్టిగా బోధపడింది. ఇందులో పెద్దపీట గింజది. మాంసం దానికి ఉప్పునూ, కొవ్వునూ, వాసననూ అందించడానికి వస్తుంది. పావు కిలో ఎండు గింజలకు ఎముక లేని హ్యామ్ 150 నుంచి 200 గ్రాములు సరిపోతుంది, నలుగురు కడుపునిండా తింటారు. ఉప్పు మాంసంలోనే ఉంది కాబట్టి, ఉప్పు డబ్బా మీదికి చెయ్యి పోకుండా చివరి వరకు ఆగగలిగితే సగం వంట వచ్చినట్టే. ఊరబెట్టిన, పొగబెట్టిన మాంసాలను క్యాన్సర్ కారకాల జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో చేర్చింది. రక్తపోటు ఉన్నవారికి ఆ ఉప్పు కూడా మంచిది కాదు. అందువల్ల దీనిని నెలకు ఒకటి రెండు సార్లు వండుకొనే కూరగానే నేను ఉంచుకొన్నాను.

హ్యామ్‌ను ఎంచుకోవడం

అనంతపురంలో మామూలు మాంసపు అంగళ్లలో హ్యామ్ దొరకదు. పాతూరు అంగళ్లలో గింజలు ఎన్ని రకాలు కావాలన్నా దొరుకుతాయి గానీ, హ్యామ్ మాత్రం బెంగళూరు వెళ్లి వచ్చేవారి చేత తెప్పించుకొంటాను. రెండు వందల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం కాబట్టి, గడ్డకట్టిన పొట్లాన్ని ఐసు ముక్కలతో కలిపి మూత బిగుతుగా పట్టే పెట్టెలో తెమ్మని చెప్పాలి. ఇంటికి చేరేసరికి పొట్లం చేతికి చల్లగా తగలాలి; గోరువెచ్చగా ఉంటే, ఎంత ఖరీదు పెట్టి కొన్నదైనా పారవేయడమే మేలు.

అంగళ్లలో ఇది మూడు రూపాల్లో ఉంటుంది. ఎముకతో ఉన్న కాలి ముక్క మొదటిది. గంటల తరబడి ఉడికించే వంటకు ఇదే శ్రేష్ఠం, ఎందుకంటే ఎముక చుట్టూ ఉండే నరాలు, తోలు కరిగి రసానికి చిక్కదనం ఇస్తాయి. ఎముక తీసి ముద్దగా చేసినది రెండవది. దీనిని అంగుళం ముక్కలుగా కోసుకోవచ్చు. రొట్టెల మధ్య పెట్టుకొనేందుకు కాగితంలా పలుచగా కోసినది మూడవది. ఈ పలుచని ముక్కలను మొదటి నుంచీ ఉడికిస్తే సారమంతా నీటిలోకి దిగిపోయి పీచు మాత్రం మిగులుతుంది కాబట్టి, దించే ముందు అయిదు నిమిషాలు ఉడికితే చాలు. కోడి మాంసంతో చేసిన హ్యామ్ కూడా అమ్ముతారు; దానికీ ఇదే నియమం.

పొట్లం వెనుక సోడియం ఎంత ఉందో రాసి ఉంటుంది. ఆ అంకెను రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. వంద గ్రాముల మాంసంలో 1000 మిల్లీగ్రాముల సోడియం ఉందంటే, అందులో రెండున్నర గ్రాముల ఉప్పు ఉన్నట్టు. ఆ లెక్కన 200 గ్రాముల హ్యామ్ వేసినప్పుడు కూరలోకి దాదాపు ఒక చెంచా ఉప్పు మనం వేయకుండానే వచ్చి చేరుతుంది.

మొదటిసారి వండినప్పుడు మా అత్త మూత తీసి చూసి, "ఇంత ఎర్రగా ఉండాదే, ఇంకా ఉడకల్యా ఏమి?" అని అడిగింది. ఊరబెట్టేటప్పుడు కలిపే నైట్రైట్ అనే లవణం వల్ల హ్యామ్‌కు ఆ గులాబి రంగు వస్తుంది, ఎంతసేపు ఉడికించినా అది పోదు. అందువల్ల రంగును బట్టి ఉడుకును లెక్కగట్టడం ఇక్కడ కుదరదు. పొట్లం మీద వండినది అని రాసి ఉంటే అది తినడానికి సిద్ధంగా ఉన్నట్టే. పచ్చిది అని రాసి ఉంటే మాత్రం ముక్క లోపలి దాకా పొగలు వచ్చేలా ఉడకాలి, పంది మాంసం విషయంలో ఈ జాగ్రత్తను తప్పించుకోకూడదు.

మా వీధిలో ముస్లిం ఇళ్లు ఉన్నాయి. వారు భోజనానికి వచ్చే రోజున, వారు కొనే అంగట్లోనే పొట్టేలి మాంసం కొని ముందుగా ఉప్పుకండ చేసి ఉంచుకొని, హ్యామ్ ఎన్నడూ తగలని పాత్రలో ఇదే వంట వండుతాను. ఉప్పుకండకు ముందు పని కొంచెం ఎక్కువ. దానిని వేడినీళ్లలో అరగంట నానబెట్టి, చేత్తో పిసికి రెండు సార్లు కడిగి, రోట్లో వేసి పీచు విడిపోయేలా నాలుగు పోట్లు దంచాలి. ఆపైన ఈ వ్యాసంలో హ్యామ్ అని ఉన్న చోటల్లా దానిని వాడుకోవచ్చు, కాకపోతే మెత్తబడడానికి కుక్కర్‌లో ముందుగా నాలుగు విజిళ్లు రానివ్వాలి.

గింజలను సిద్ధం చేయడం

ఈ వంట చెడిపోయేది చాలావరకు గింజల దగ్గరే. ఏడాది దాటిన గింజలు, ముఖ్యంగా మన ఎండలకు రేకుల కింద మూటల్లో మగ్గినవి, ఎంత నానబెట్టినా లోపల గట్టిగానే ఉంటాయి. కొనేటప్పుడు పిడికెడు గింజలను అరచేతిలో పోసుకొని చూడాలి. నిగనిగలాడుతూ, అన్నీ ఒకే తీరుగా ఉంటే కొత్త పంట అని నమ్మవచ్చు. పొట్టు ముడతలు పడి, రంగు మాసి, అక్కడక్కడ పుచ్చు కనిపిస్తే ఆ మూటను వదిలివేయాలి. పాత గింజలనూ కొత్త గింజలనూ ఎప్పుడూ కలిపి నానబెట్టవద్దు, ఒకటి మెత్తబడేసరికి రెండవది పిండి అయిపోతుంది.

చాటలో చెరిగి, రాళ్లు ఏరి, మూడింతల నీళ్లు పోసి నానబెట్టాలి. అలసందలకు అయిదారు గంటలు, ఎండు బఠానీలకూ శనగలకూ ఎనిమిది నుంచి పది గంటలు పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో రాత్రంతా బయట ఉంచితే తెల్లవారేసరికి నురుగు వచ్చి పులిసిన వాసన వేస్తుంది కనుక, ఆ నెలల్లో గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టి, ఇంకొక రెండు గంటలు ఎక్కువ నాననివ్వాలి. నానిన నీళ్లను పారబోసి, కొత్త నీళ్లతో ఉడికించాలి. కడుపు ఉబ్బరం కూడా దీనివల్ల కొంత తగ్గుతుంది.

నీటి సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మా ఇంట్లో బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున నెల తిరిగేసరికి సున్నం పొర కడుతుంది. ఒకసారి ఆ నీళ్లతోనే నానబెట్టి, ఆ నీళ్లతోనే ఉడికించిన అలసందలు ఏడు విజిళ్లు వచ్చినా పంటి కింద పలుకుగానే ఉన్నాయి. అంగడివాడిని తిట్టుకొంటూ, అదే మూటలోని గింజలను మరుసటి వారం క్యాన్ నీళ్లతో వండితే మూడు విజిళ్లకే వెన్నలా అయ్యాయి. నీటిలోని కాల్షియం గింజ పొట్టులోని పెక్టిన్ అనే జిగురు పదార్థంతో ముడిపడి దానిని బిరుసెక్కిస్తుంది, అందుకే ఉప్పు నీళ్ల ఊళ్లలో, అంటే ఇలా సున్నం ఎక్కువున్న నీళ్లు ఉన్న చోట, పప్పు ఉడకదని పెద్దలు అంటూ ఉంటారు. మంచినీళ్లు దొరకకపోతే, నానబెట్టే నీటిలో లీటరుకు రెండు చెంచాల మామూలు ఉప్పు కలపడం ఒక ఉపాయం. ఉప్పులోని సోడియం ఆ కాల్షియాన్ని కొంత తొలగించి పొట్టును మెత్తబరుస్తుంది. ఆ నీళ్లను ఎలాగూ పారబోసి, గింజలను కడుగుతాము కాబట్టి కూర ఉప్పు కాదు. వంట సోడా చిటికెడు వేసినా పని జరుగుతుంది, కానీ చెయ్యి జారితే సబ్బు రుచి వస్తుంది, బి1 విటమిన్ కూడా నశిస్తుంది. నేను దానిని డబ్బాలోంచి తీసి ఏళ్లయింది.

ఇంకొక నియమం చింతపండు, టమోటా, బెల్లం గురించి. పులుపు తగిలిన గింజ ఆ తరువాత మెత్తబడడం దాదాపు ఆగిపోతుంది. బెల్లమూ ఉడుకును మందగిస్తుంది. అందుచేత గింజ పూర్తిగా ఉడికిన తరువాతే వీటిని వేయాలి. ఉడికిందో లేదో తెలుసుకొనేందుకు ఒక్క గింజను చూసి తృప్తి పడకూడదు. గిన్నెలో పైనుంచి రెండు, నడిమి నుంచి రెండు, అడుగు నుంచి ఒకటి గరిటెతో తీసి, చల్లారనిచ్చి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కాలి. పొట్టు పక్కకు జారి, లోపలి పప్పు వేళ్ల మధ్య పిండిలా పరచుకోవాలి. అయిదింటిలో ఒక్కటి నడిమిలో తెల్లటి గట్టి చుక్కతో కనిపించినా ఇంకొక పది నిమిషాలు ఉడకనివ్వాలి.

మొదటి వంట: ఎండు బఠానీలతో చిక్కటి రసం

కావలసినవి: ఎండు పచ్చ బఠానీలు పావు కిలో, ఎముకతో ఉన్న హ్యామ్ 400 గ్రాములు, ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు) రెండు, తెల్లగడ్డ (వెల్లుల్లి) పాయలు ఎనిమిది, క్యారెట్ ఒకటి, పచ్చిమిరపకాయలు మూడు, బిర్యానీ ఆకు ఒకటి, మిరియాల పొడి ఒక చెంచా, నూనె రెండు చెంచాలు, నిమ్మకాయ సగం.

హ్యామ్ ఎముక ఉప్పుగా ఉందని తోస్తే, అంచు నుంచి చిన్న ముక్క కోసి, రెండు నిమిషాలు నీళ్లలో మరిగించి నోట్లో వేసుకొని చూడాలి. నాలుక మీద ఉప్పు తప్ప మరేమీ తెలియకపోతే, ఎముకను చల్లటి నీళ్లలో ముంచి, ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచి, మధ్యలో రెండు సార్లు నీళ్లు మార్చాలి. మాంసపు రుచి కూడా తెలిస్తే అలాగే వాడవచ్చు.

అడుగు మందంగా ఉన్న గిన్నెలో నూనె కాచి, ఎముకను అన్ని వైపులా తిప్పుతూ కొవ్వు బంగారు రంగుకు వచ్చే వరకు వేయించాలి. అందులోనే తరిగిన ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు, క్యారెట్ వేసి మెత్తబడనివ్వాలి. నానిన బఠానీలు, బిర్యానీ ఆకు వేసి, లీటరున్నర నీళ్లు పోసి, మరుగు వచ్చాక పైకి తేలే తెల్లని నురుగును గరిటెతో తీసివేయాలి. ఆపైన మంటను బాగా తగ్గించి, మూతను కొంచెం వారగా పెట్టి, గంటంబావు నుంచి గంటన్నర దాకా ఉడకనివ్వాలి. కుక్కర్ అయితే అయిదు విజిళ్లు, ఆ తరువాత ఆవిరి తనంతట తాను పోయే వరకు ఆగడం. కుక్కర్‌ను సగానికి మించి నింపకూడదు. బఠానీల నురుగు, పొట్టు పైకి లేచి ఆవిరి రంధ్రానికి అడ్డుపడితే ప్రమాదం. ఒక చెంచా నూనె వేస్తే నురుగు అణుగుతుంది.

గింజ మెత్తబడ్డాక ఎముకను పళ్లెంలోకి తీసి, చల్లారాక మాంసాన్ని చేత్తో పీచులుగా విడదీయాలి. గిన్నెలోని బఠానీలలో సగాన్ని పప్పుగుత్తితో ఎనపాలి, తక్కిన సగం గింజగా మిగలాలి. మొత్తం మిక్సీలో వేసి నున్నగా చేసేవారు ఉన్నారు గానీ, పంటికి తగిలే గింజ లేని ఆ రసం నాకు జబ్బుపడ్డవారి జావలా అనిపిస్తుంది. మాంసాన్ని తిరిగి వేసి, పచ్చిమిరపకాయ చీలికలు, మిరియాల పొడి కలిపి, పది నిమిషాలు సన్నని మంటపై ఉంచాలి. అప్పుడు, మొదటిసారిగా, ఉప్పు చూడాలి. అర చెంచా అవసరం పడవచ్చు, అసలే పడకపోవచ్చు. దించిన తరువాత నిమ్మరసం పిండాలి.

బఠానీ పప్పుతో కూడా ఇదే చేయవచ్చు. దానిని నానబెట్టనక్కర లేదు, ముప్పావు గంట నుంచి గంటలో ఉడుకుతుంది. కానీ చిక్కబడే కొద్దీ అడుగంటుతుంది కాబట్టి గరిటె పక్కన పెట్టి ఇంకొక పనికి వెళ్లరాదు.

రెండవ వంట: అలసందల పులుసు

మా ఇంట్లో అందరికీ ఎక్కువ ఇష్టమైనది ఇదే, ఎందుకంటే ఇది సంగటి మీదికి సరిగ్గా సరిపోయే పులుసు. అలసందలు పావు కిలో, ఎముక లేని హ్యామ్ 200 గ్రాములు, ఎర్రగడ్డలు రెండు, తెల్లగడ్డ ఒకటి, చిన్న నిమ్మకాయంత చింతపండు, కరివేపాకు రెండు రెబ్బలు తీసుకోవాలి. మసాలాకు ధనియాలు రెండు చెంచాలు, ఎండుమిరపకాయలు ఆరు, చెనిక్కాయ (వేరుశనగ) విత్తనాలు రెండు చెంచాలు, ఎండుకొబ్బరి తురుము రెండు చెంచాలు, చిన్న దాల్చినచెక్క, లవంగాలు మూడు. చెనిక్కాయ విత్తనాలను విడిగా వేయించి పొట్టు తీయాలి. తక్కినవి సన్నని మంట మీద వేయించి, అన్నీ కలిపి నీళ్లు చిలకరిస్తూ మెత్తగా నూరుకోవాలి. గసగసాలకు బదులు చెనిక్కాయ విత్తనాలు వేయడం మా జిల్లా పంటకు మేము ఇచ్చే మర్యాద అనుకోవచ్చు, రుచి కూడా వాటితోనే బాగుంటుంది.

నానిన అలసందలను ఉప్పు లేకుండా, గింజల మీద రెండు అంగుళాలు నిలిచేలా నీళ్లు పోసి, కుక్కర్‌లో మూడు విజిళ్లు రానివ్వాలి. ఆ నీళ్లను పారబోయకూడదు, పులుసుకు బలం అవే. హ్యామ్‌ను అంగుళం ముక్కలుగా కోసి, ఒక చెంచా నూనెలో అంచులు ముదురు రంగుకు వచ్చి, అడుగున గోధుమ రంగు పొర అంటుకొనే వరకు వేయించి తీసి పక్కన పెట్టాలి. అదే గిన్నెలో ఎర్రగడ్డలు, చితగ్గొట్టిన తెల్లగడ్డలు, కరివేపాకు వేస్తే, ఎర్రగడ్డల తడికి ఆ పొర ఊడివచ్చి కూరలో కలుస్తుంది. హ్యామ్ వాసన అంతా ఆ పొరలోనే ఉంటుంది కాబట్టి గిన్నె మార్చవద్దు. నూరిన ముద్ద వేసి నూనె తేలే దాకా వేయించి, అలసందలను వాటి నీళ్లతో సహా పోసి, హ్యామ్ ముక్కలు వేసి పదిహేను నిమిషాలు ఉడికించాలి. ఆ తరువాతే చింతపండు పులుసు పోసి, ఇంకొక పది నిమిషాలు మరగనిచ్చి, ఉప్పు సరిచూడాలి.

ఇక్కడే నేను ఒకసారి దెబ్బతిన్నాను. రోజూ పప్పులో వేసే అలవాటుతో కుక్కర్‌లోనే చెంచాన్నర ఉప్పు వేశాను, తరువాత హ్యామ్ ఉప్పు, పులుసు మరిగి దగ్గరపడడం, అన్నీ కలిసి నోట పెట్టలేనంత అయింది. ఆలుగడ్డ వేస్తే ఉప్పు పీల్చుకొంటుందని పక్కింటివారు చెప్పారు. ఆలుగడ్డ తనతో పాటు కొంత ఉప్పు నీటిని పీల్చుకొంటుంది గానీ, మిగిలిన పులుసు ఉప్పదనం ఏమాత్రం తగ్గదు. చివరకు వంద గ్రాముల కందిబ్యాళ్లను ఉప్పు లేకుండా ఉడికించి, ఎనిపి కలిపితే గానీ అది కూర కాలేదు. ఆ రోజు నలుగురి కూరను ఏడుగురికి పంచాము.

మిగిలిన గింజల గురించి

అనపకాయల కాలంలో పచ్చి అనపగింజలను రాత్రి నానబెట్టి, ఉదయం ఒక్కొక్కటీ పితికి పొట్టు తీసిన పితికిపప్పుతో కూడా హ్యామ్ బాగుంటుంది. అది పది పదిహేను నిమిషాల్లోనే ఉడుకుతుంది కనుక, పలుచని హ్యామ్ ముక్కలను చివర వేసి, కొబ్బరి, పచ్చిమిరపకాయల ముద్దతో దించుకోవాలి.

శనగలకు ఆరు విజిళ్లు పడుతుంది. పులుసు మసాలానే దీనికీ వాడవచ్చు.

రాజ్మా వాడేవారు మాత్రం ఒక హెచ్చరికను మరచిపోకూడదు. పచ్చి రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విష పదార్థం ఉంటుంది. సరిగా ఉడకని గింజలు కొన్ని తిన్నా వాంతులు, విరేచనాలు పట్టుకొంటాయి. కనీసం అయిదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీటిలో అరగంట పాటు గలగలా మరిగించాలి, లేదా కుక్కర్‌లో పూర్తిగా ఉడికించాలి. మరుగు రాని సన్నని సెగ మీద గంటల తరబడి ఉంచడం వల్ల ఈ విషం పోదు.

ఉలవలకు హ్యామ్ నప్పదని నా అభిప్రాయం. ఉలవల మట్టివాసన ఘాటైనది, హ్యామ్ తీపి దాని ముందు వెలవెలబోతుంది; వాటికి ఉప్పుకండే జోడు.

దాచుకోవడం

గింజల కూర గిన్నె అడుగున చాలాసేపు వేడిగా ఉంటుంది, అందుకే తొందరగా పాడవుతుంది. తిన్న వెంటనే వెడల్పాటి పళ్లేలలోకి పంచి చల్లార్చి, రెండు గంటల లోపు, ఎండాకాలంలో గంట లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. మూడు రోజుల వరకు బాగుంటుంది. తెరిచిన హ్యామ్ పొట్లం కూడా అంతకంటే ఎక్కువ నిలవదు, కాబట్టి మిగిలిన మాంసాన్ని వంటకు సరిపడే పొట్లాలుగా కట్టి అదే రోజు గడ్డకట్టించుకోవాలి. నెల రోజుల్లో వాడుకొంటే రుచి తగ్గదు.

మరుసటి రోజుకు బఠానీల రసం కత్తితో కోసేంత గట్టిగా బిగుసుకొని ఉంటుంది. దానిలో చల్లనీళ్లు పోయకుండా, మరుగుతున్న నీళ్లు అర గ్లాసు చొప్పున పోస్తూ, అడుగు నుంచి కలుపుతూ, కుతకుత ఉడికే వరకు వేడిచేయాలి. ఉప్పు మళ్లీ చూడవలసిందే, ఈసారి నీళ్లు కలిశాయి కాబట్టి చిటికెడు పట్టవచ్చు. మా ఇంట్లో ఆ రెండవ పూటకు నీళ్లు కలపకుండానే, పెనం మీద కొంచెం నెయ్యి వేసి, ఆ ముద్దను అంచులు మాడీ మాడకుండా వేయించి, జొన్నరొట్టెలో చుట్టుకొని తింటారు.